రెండిళ్ళ మధ్య వేసవి చదువు

2025 వేసవి సంగతి ఇది. మే 16, శుక్రవారం. జుమా నమాజు చేసుకుని మేము ఇంటికి చేరామో లేదో, విజయవాడ వించిపేటలో ఉండే ఒక తల్లి తన అన్నగారిని తోడు తీసుకుని వచ్చింది. వెంట పన్నెండేళ్ళ కొడుకు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలోని ఫోను మా ముందు పెట్టి, "మౌల్వీ సాబ్, వీడి క్లాసు తెరుచుకోవడం లేదు. ఏదో నంబరు అడుగుతోంది. ఆ నంబరేమో బందరులో వీడి అబ్బా ఫోనుకు పోతోంది" అని చెప్పింది.

మేము మదర్సాలో చదువుకున్నవాళ్ళము. పాతికేళ్ళకు పైగా పిల్లలకు ఉర్దూ, అరబీ చెబుతున్నాము. ఫోనులో క్లాసులు, ఓటీపీలు మా విద్య కాదు. సెల్‌ఫోను దుకాణానికి వెళ్ళవలసినవారు దారితప్పి మా గుమ్మంలోకి వచ్చారనుకున్నాము. కాసేపు కూర్చోబెట్టి వింటే అసలు సంగతి తెలిసింది.

ఆ దంపతులు విడిపోయి మూడేళ్ళు. తండ్రి మచిలీపట్నంలో, చిలకలపూడి వైపు రోల్డ్‌గోల్డ్ పని చేసుకుంటున్నాడు. మళ్ళీ నికాహ్ చేసుకున్నాడు. తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. బడి ఉన్నన్నాళ్ళూ కొడుకు తల్లి దగ్గర ఉండాలనీ, వేసవి సెలవుల్లో ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ ఉండాలనీ జమాత్ పెద్దలు అప్పట్లోనే కుదిర్చారు. మన రాష్ట్రంలో ఆ ఏడు బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులు. సెలవులన్న మాటే గానీ, పిల్లవాడిని ఎనిమిదో తరగతికి సిద్ధం చేయడానికని ఏప్రిల్ 28 నుంచి ఫోనులో ఒక కోర్సు పెట్టారు. వారానికి ఆరు పాఠాలు, ఆరు వారాలు, మొత్తం 36. జూన్ 9న పరీక్ష. ఆ పరీక్షను బట్టే ఎనిమిదిలో ఏ సెక్షనో నిర్ణయిస్తారట.

ఫీజు కట్టింది తండ్రి. నంబరు ఇచ్చిందీ ఆయనే. వేరే ఫోనులో క్లాసు తెరవాలంటే ఆయన ఫోనుకు ఓటీపీ వస్తుంది. కొద్ది నిమిషాల్లో అది చెల్లకుండా పోతుంది. ఆయన పనిలోకి వెళ్తూ ఫోను ఇంట్లోనే వదిలి వెళ్తాడు. ఆ ఫోను ఎత్తేది కొత్త భార్య. ఈ తల్లి ఆ నంబరుకు ఫోను చేయదు. ఎందుకు చేయదో పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

ఆమె కోర్సు ఆఫీసుకు కూడా వెళ్ళి వచ్చింది. ఎవరి పేరున నమోదైందో వారితోనే మాట్లాడతామన్నారట. తల్లినని చెప్పుకుంటే, ఆ సంగతి మా కంప్యూటరులో లేదన్నారట. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతుంది. తండ్రి ఒక్కడే అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. కానీ కౌంటరులో కూర్చున్న కుర్రవాడితో ఏ తల్లి చట్టం వాదిస్తుంది?

ఇంతలో కోర్సు వాళ్ళ చీటీ తండ్రి ఫోనుకు వచ్చింది: ఇప్పటికి పెట్టిన పాఠాలు 17, మీ అబ్బాయి చూసినవి 4. తండ్రి మండిపడి పిల్లవాడి మామూకు ఫోను చేశాడు. చెల్లెలికి బిడ్డను చదివించడం చేతకాకపోతే పంపించేయమన్నాడు. ఇక్కడి నుంచి మామూ, క్లాసు తెరవనివ్వకుండా తాళం నీ దగ్గర పెట్టుకున్నది నువ్వేనన్నాడు. ఆ మాటల మధ్యలోనే వాళ్ళు మా దగ్గరకు వచ్చారు.

అప్పుడు మేము చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పిల్లవాడి భుజం తట్టి, "బేటా, నువ్వే మీ అబ్బాకు ఫోను చేసి నంబరు అడుగు. కన్నకొడుకు అడిగితే కాదంటాడా?" అన్నాము. పెద్ద పరిష్కారం చెప్పామనుకున్నాము. మర్నాడు వాడు ఫోను చేశాడు. ఆ తండ్రి నంబరు చెప్పకముందు పది నిమిషాలు తిట్టాడు. తిట్లు కొడుకుకు కాదు, వాడి తల్లికి. కానీ విన్నది కొడుకు. మగ్రిబ్ వేళకు వాడు మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఎంత పిలిచినా దిగి రాలేదని తల్లి కబురు పంపింది. ఇద్దరు పెద్దవాళ్ళు మోయలేని బరువును మేము ఆ పిల్లవాడి నెత్తిన పెట్టామని అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఆదివారం. పిల్లవాడు తండ్రి దగ్గరకు వెళ్ళే రోజు. వాడినీ మామూనూ తీసుకుని మేమే పండిట్ నెహ్రూ బస్టాండులో బందరు బస్సెక్కాము. రమారమి డెబ్బై కిలోమీటర్లు. మే నెల ఎండ. కాలువల్లో నీళ్ళు లేవు, అడుగున పగిలిన మట్టి కనిపిస్తోంది. బస్సు ఉయ్యూరు దాటిన తరువాత, మామూ కునుకు తీస్తుండగా, వాడే మాతో మాట్లాడాడు. అమ్మీ దగ్గర ఉన్నప్పుడు, పాఠాలన్నీ అబ్బా దగ్గర చూసేశానని చెప్పేవాడట. అబ్బా దగ్గరకు వెళ్ళి, అమ్మీ దగ్గర చూసేశానని చెప్పేవాడట. ఇద్దరూ నమ్మారు. ఒకరినొకరు అడగరు కాబట్టి వాడు ఎప్పుడూ దొరకలేదు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?" అని అడిగాము.

"చదవలేదంటే ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు హజ్రత్. చదివానంటే ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

పామర్రు వచ్చేదాకా మాకు నోట మాట రాలేదు. అబద్ధమాడడం పాపమని ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతూ వచ్చిన మాకు, ఆ పూట వాడికి ఏం చెప్పాలో తోచలేదు. మార్కులు, సెక్షను అన్నవి తరువాతి సంగతి. పన్నెండేళ్ళకే రెండు గడపలకు రెండు మాటలు చెప్పి శాంతి కొనుక్కోవడం నేర్చుకున్న పిల్లవాడు ఇరవై ఏళ్ళకు ఏమవుతాడన్నదే మా బెంగ.

చిలకలపూడిలో ఆ తండ్రి మమ్మల్ని ఆదరంగానే కూర్చోబెట్టాడు. వాళ్ళ అన్నయ్యను కూడా పిలిపించాడు. మాట మొదలుపెట్టగానే ధర్మశాస్త్రం ఎత్తాడు. "ఏడేళ్ళు దాటిన మగపిల్లవాడు తండ్రి దగ్గర ఉండాలని మీరే చెబుతారు కదా హజ్రత్! నేను మంచితనంతో తల్లి దగ్గర వదిలాను. చదివించుకోలేకపోతే నన్నేం చేయమంటారు?"

ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది. హనఫీ న్యాయశాస్త్రంలో బిడ్డ ఆలనాపాలనను హిజానత్ అంటారు, బాధ్యతాధికారాన్ని విలాయత్ అంటారు. మొదటిది తల్లిది, రెండవది తండ్రిది. మన మదర్సాల్లో చెప్పే హిదాయా గ్రంథంలో ఈ విషయానికి ఒక అధ్యాయమే ఉంది. మగపిల్లవాడు తనంతట తాను తిని, తాగి, బట్టలు వేసుకుని, శుచిగా ఉండగలిగేదాకా తల్లి దగ్గర ఉండాలన్నారు. దానికి ఏడేళ్ళని అంచనా వేసినవారు ఇమామ్ ఖస్సాఫ్. ఆడపిల్ల అయితే యుక్తవయసు దాకా. ఆ తరువాత మగపిల్లవాడిని తండ్రికి అప్పగించమనడానికి వారు చూపిన కారణం చదువూ సంస్కారమే. బిడ్డ మీద హక్కు చూపించడానికి ఏడేళ్ళ లెక్క గుర్తుపెట్టుకునేవారు, ఆ లెక్క ఎందుకు పెట్టారో కూడా గుర్తుంచుకోవాలి. చదువు కోసం ఇచ్చిన అధికారంతో చదువునే ఆపితే ఆ అధికారానికి అర్థమేముంది?

ఆయనకు మేము హజ్రత్ ఉమర్ (రజి) సంగతి చెప్పాము. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉన్నదే. హజ్రత్ ఉమర్ ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. ఆసిమ్ అనే కొడుకు పుట్టాక విడిపోయారు. ఒకనాడు ఖుబాకు వెళ్ళినప్పుడు మస్జిద్ ఆవరణలో ఆడుకుంటున్న కొడుకు కనిపించాడు. భుజం పట్టుకుని తన వాహనం మీద ముందు కూర్చోబెట్టుకున్నారు. పిల్లవాడి అమ్మమ్మ వచ్చి అడ్డుపడింది. ఇద్దరూ ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరకు వెళ్ళారు. బిడ్డను ఆమెకే వదిలేయమని ఆయన తీర్పు చెప్పారు. ఉమర్ అంతటి మనిషి, ఎవరి గొంతు వింటే మదీనా నిశ్శబ్దమయ్యేదో ఆ మనిషి, మారు మాట్లాడలేదు. ఇది విని ఆ తండ్రి కాసేపు తలవంచుకున్నాడు. వాళ్ళ అన్నయ్య మాత్రం, "మనకు ఉమర్‌తో పోలికేమిటిలే, ముందు ఆ నంబరు సంగతి చూడండి" అన్నాడు. మేము ఇంత చెప్పినా, పని జరిగింది ఆ మాటతోనే.

అల్‌బఖరా సూరా 233వ ఆయతు కూడా అక్కడ ప్రస్తావించాము. పాలు తాగే బిడ్డ విషయం అందులో ఉంది. బిడ్డ కారణంగా తల్లికి గానీ తండ్రికి గానీ నష్టం కలగకూడదు. పాలిచ్చే తల్లి తిండీ బట్టా తండ్రి భరించాలి. రెండేళ్ళకు ముందే పాలు మాన్పించాలనుకుంటే ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరి ఇష్టంతో మాన్పించాలి. పదహారేళ్ళ వయసులో మేము ఈ ఆయతును పాల సంగతిగానే చదివి ముందుకు పోయాము. ఆ రోజు ఆ వరండాలో కూర్చున్నప్పుడు మరోలా తోచింది. నాలుగు నెలలు ముందో వెనకో పాలు మాన్పించడానికే తల్లీతండ్రీ మాట్లాడుకోవాలంటే, ఒక ఏడాది చదువుకు మాట్లాడుకోనవసరం లేదా? మాట్లాడుకోమన్నది ప్రేమగా ఉన్న దంపతులకు మాత్రమే కాదు. తలాఖ్ సూరా ఆరవ ఆయతులో విడిపోయినవారికే, బిడ్డ విషయంలో పరస్పరం మంచిగా సంప్రదించుకోమన్న ఆదేశం ఉంది.

దేశ చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాము. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించేటప్పుడు కోర్టు బిడ్డ క్షేమం చూస్తుంది. ఖర్చు విషయంలో మనవాళ్ళకు ఒక అపోహ ఉంది. 1986 చట్టంలో రెండేళ్ళని ఉంది కాబట్టి ఆ తరువాత తండ్రికి బాధ్యత లేదని కొందరు వాదిస్తారు. నూర్ సబా ఖాతూన్ కేసులో 1997లోనే సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టివేసింది. బిడ్డలు మేజర్లయ్యేవరకో, సొంతంగా బతకగలిగేవరకో, ఆడపిల్లలైతే పెళ్ళయ్యేవరకో పోషణ తండ్రి మీదనే ఉంటుందని చెప్పింది. అప్పటి 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో 144వ సెక్షన్ వచ్చింది. ఇంకొకటి: 2020 జనవరిలో యశితా సాహు కేసులో అదే కోర్టు, దూరంగా ఉన్న తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో ఫోనులో, వీడియోలో మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్ళడం విచిత్రం.

ఆ 2020 వేసవి ఎవరు మరిచిపోతారు? బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి. ఒక ఇంట్లో ఒకే ఫోను, దాని చుట్టూ ముగ్గురు పిల్లలు. తరువాత 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఆ ట్యాబుల మంచిచెడ్డల మీద రాజకీయ పక్షాలు వాదించుకున్నాయి. మాకు మాత్రం ఒక మేలు కనిపించింది. అది పిల్లవాడిది. వాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి సంచిలో వెళ్ళింది. అబ్బా ఫోను, అమ్మీ ఫోను అన్న పేచీ లేదు.

చిలకలపూడి వరండాకు తిరిగి వద్దాం. లోపలి గది నుంచి, తెర వెనకనుంచి, ఆ ఇంటి ఇల్లాలు మాట్లాడింది. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ఆ మెసేజీలోనే రాసి ఉంటుంది కదా హజ్రత్. బ్యాంకులో డబ్బు పోతుందని ఆయన చెప్పారు. అందుకే చెప్పలేదు. బిడ్డ క్లాసు కోసమని నాకెవరూ చెప్పలేదు." మేము మామూ ముఖం చూశాము. మూడు వారాలుగా వించిపేటలో వాళ్ళు సవతి కుట్ర అనుకున్నది ఇదీ!

ఆ పూట ఒక కాగితం రాసుకున్నాము. అందులో గొప్ప విషయాలేవీ లేవు. తండ్రే కోర్సు ఆఫీసుకు ఫోను చేసి తల్లి నంబరు కూడా ఎక్కించాలి. (రెండు రోజులు పట్టింది. ఆయన అడిగితే మారు మాట లేకుండా ఎక్కించారు.) కోర్సు ఫీజు, రెండు ఇళ్ళలోనూ ఫోను రీచార్జి తండ్రివి. ఇక్కడ ఆయన కొంచెం అడ్డం తిరిగాడు. జూన్‌లో ప్రభుత్వం వేసే డబ్బు ఎలాగూ ఆమె ఖాతాలోనే పడుతుంది కదా అన్నాడు. నిజమే, 2020లో మొదలైన అమ్మ ఒడి గానీ, 2025 జూన్‌లో పిల్లవాడికి 13,000 రూపాయల చొప్పున వేసిన తల్లికి వందనం గానీ తల్లి ఖాతాలోనే పడ్డాయి. అది ప్రభుత్వం ఇచ్చేది, నఫఖా నీ మీద ఉన్నది, రెండూ ఒకటి కావు అన్నాము. వాళ్ళ అన్నయ్య, "నేను సగం వేస్తాలే" అనేసరికి ఈయనకు రోషం వచ్చి మొత్తం తానే వేస్తానన్నాడు.

పాఠాలు ఉదయం పది గంటలకు. పిల్లవాడి ప్రయాణం ఆదివారం తప్ప మరే రోజూ పెట్టకూడదని రాసుకున్నాము. ఏ మాటైనా పిల్లవాడి చేత చెప్పించకూడదు. ఇటు మామూ, అటు పెదనాన్న మాట్లాడుకోవాలి. దంపతుల మధ్య చీలిక వస్తుందని భయమున్నప్పుడు అటొకరిని, ఇటొకరిని మధ్యవర్తులుగా పెట్టమని నిసా సూరాలో ఉంది. ఆనాడు ఈ ఇద్దరు పెద్దమనుషులూ ఏమయ్యారో తెలియదు. సంసారం నిలబెట్టడానికి రానివారు హోంవర్కు కోసం వచ్చారు. అదీ మంచిదే అనుకున్నాము.

చివరగా ఒక నోటుపుస్తకం. పిల్లవాడి సంచిలో రెండిళ్ళకూ తిరుగుతుంది. తేదీ, పాఠం నంబరు, చూశాడా లేదా, రాతపని అయిందా లేదా. అంతకు మించి ఒక్క అక్షరం రాయకూడదు. మొదటి వారం ఎవరో 'కరెంటు లేదు' అని రాస్తే, దాని కింద ఎవరో గీత గీశారు. ఆ పేజీ చింపించాము. ఖుర్ఆన్ పాఠం కూడా ఇందులోనే రాయించాము. విజయవాడ మక్తబ్‌లో పద్నాలుగో పారా అని, బందరులో పదకొండో పారా అని వాడు రెండు చోట్లా వేరువేరుగా చదువుతున్నాడని అప్పుడే బయటపడింది. ఇందులో ఇద్దరు ఉస్తాదుల తప్పు కూడా ఉంది. ఒక్కరు ఇంకొకరిని అడిగిన పాపాన పోలేదు.

ఇక్కడ జమాత్ పెద్దలకు, మస్జిద్ కమిటీల వారికి ఒక మాట. విడాకుల కాగితం రాసేటప్పుడు మీరు సామాను జాబితా ఎంత జాగ్రత్తగా రాస్తారో మేము చూశాము. బీరువా, మంచం, మిక్సీ, స్టీలు గిన్నెలతో సహా లెక్క ఉంటుంది. బిడ్డ బడిలో ఎవరి నంబరు ఉండాలి, ఆధార్ కాగితం ఎవరి దగ్గర ఉండాలి, వేసవిలో క్లాసులుంటే ఎవరు కూర్చోబెట్టాలి అన్నది ఎవరూ రాయరు. గిన్నె పోతే ఇంకో గిన్నె కొనుక్కోవచ్చు. మీ కాగితంలో ఇంకో నాలుగు వరుసలు చేర్చడానికి ఖర్చేమీ కాదు. మేము కూడా ఇలాంటి కాగితాల మీద సాక్షి సంతకాలు చేసినవాళ్ళమే కాబట్టి ఈ మాట మాకూ వర్తిస్తుంది.

బక్రీద్ ఆ ఏడు జూన్ 7, శనివారం వచ్చింది. అది తండ్రి వారం. పండుగనాడు కొడుకు తన దగ్గర ఉండాలని తల్లి పట్టుబట్టింది. కాగితంలో పండుగ గురించి రాయడం మరిచిపోయాము. ఇద్దరు మధ్యవర్తులూ రెండు రోజులు ఫోన్లలో మాట్లాడుకుని, ఈద్ నమాజు, ఖుర్బానీ తండ్రితో బందరులో, సాయంత్రానికి పెదనాన్న వెంట విజయవాడకు అని తేల్చారు. ఆదివారం బదులు శనివారమే వచ్చాడు కాబట్టి సోమవారం పరీక్షకు ఒక రోజు ఎక్కువ దొరికింది.

36 పాఠాల్లో వాడు పూర్తి చేసినవి 29. మొదట పోయిన వాటిలో కొన్ని పోయినట్టే. ఏ సెక్షను వచ్చిందని మేము అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. జూన్ 12న బడి తెరిచారు. ఆ తరువాతి శుక్రవారం తల్లి ఆ నోటుపుస్తకం తెచ్చి మాకు చూపించింది. ఆమె ఉర్దూ మీడియంలో చదువుకుంది. ఆ తండ్రికి ఉర్దూ మాట్లాడడమే గానీ రాయడం రాదు. బందరు వారాల పేజీల్లో ఉన్నది ముత్యాల్లాంటి ఉర్దూ రాత. ఒక్క రోజూ వదలకుండా తేదీ, పాఠం, పారా, అన్నీ ఉన్నాయి. వించిపేట పేజీల్లో రెండు మూడు రోజులు ఖాళీలు కూడా ఉన్నాయి.

ఆ రాత ఎవరిదో తల్లి మమ్మల్ని అడగలేదు. కాసేపు పేజీలు తిప్పింది. పుస్తకంలో సగం ఇంకా తెల్లకాగితాలే ఉన్నాయి. "దసరా సెలవులకు కూడా ఇదే పంపనా మౌల్వీ సాబ్?" అని అడిగింది.